బండి పడుకునే చోటు

ఆయన్ని అందరూ గుడ్లాయన అనేవాళ్ళు. ఇరవయ్యారేళ్ళు ఒకే వ్యానులో కోడిగుడ్లు మోశాడు. కోళ్ళ ఫారాల దగ్గర గుడ్ల అట్టలు ఎక్కించుకుని, దుకాణం దుకాణానికీ దించి, ఖాళీ అట్టలు వెనక్కి తెచ్చేవాడు. ఆయన బ్రేకు వేస్తే ఆ సంగతి వెనకున్న గుడ్డుకు తెలియకూడదు, అంత మెత్తగా నడిపేవాడు. మాట కూడా అంతే. అవసరమైతే ఒకటి, లేకపోతే అదీ లేదు. "గుడ్లాయన నోరు తెరిస్తే లోపల అట్ట పగిలినట్టేరా" అని దుకాణాల వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

బడి మూడో తరగతితో సరి. అయినా ఒక్క పని మాత్రం చదువుకున్నవాళ్ళకంటే శుభ్రంగా చేసేవాడు. అది బళ్ళ పన్ను కట్టడం. ఏడాదికోసారి టౌను ఆఫీసులో పన్ను కౌంటరు తెరిచే మొదటి రోజున, తలుపు తీయకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాడు. ఉతికిన చొక్కా, ప్లాస్టిక్ సంచిలో కాయితాలు. పన్ను కట్టి, ఆ ఏటి నీలం స్టిక్కరు తీసుకుని, ముందద్దానికి ఉన్న పాతదాన్ని బ్లేడుతో గీకి, కొత్తది అంటించి, బొటనవేలితో నాలుగు అంచులూ అదిమేవాడు. భార్య బతికున్న రోజుల్లో "నన్ను చూడ్డానికొచ్చినప్పుడు కూడా ఇంత ముస్తాబు కాలేదీ మనిషి" అనేది.

ఆ పన్ను సంగతి మొదట్లో ఆయనకూ అర్థం కాలేదు. బండి కొన్న ఏడాది ఫారంలో 'వాహనము సాధారణముగా నిలుపు స్థలము' అని ఒక గడి ఉంది. గుడ్ల బండి సాధారణంగా ఎక్కడ నిలుస్తుంది? ప్రతి దుకాణం ముందూ నిలుస్తుంది. ఆయన ఆ గడిలో దుకాణాల పేర్లు వరసగా రాసుకుంటూ పోయి, చోటు చాలక పక్క గడిలోకి దిగి, అక్కడా చాలక కాయితం అంచెమ్మట పైకెక్కాడు. అప్పటి గుమస్తా అది చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇలా కాదయ్యా మగడా. నీ ఇల్లెక్కడా అంటే తిరిగే చోట్లన్నీ చెబుతావా, పడుకునే చోటు చెబుతావా?"

"పడుకునే చోటే."

"బండికీ అంతే. రాత్రి ఏ ఊళ్ళో పడుకుంటుందో ఆ ఊరికే పన్ను."

ఆ మాట ఆయనకు ఇంకిపోయింది. ఆ రోజునుంచి ఆయన దృష్టిలో బండి నిలబడేది కాదు, పడుకునేది. టార్పాలిన్ పట్టా కప్పి, "ఇక పడుకో" అని దాని వీపు మీద చరిచి లోపలికి పోయేవాడు. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఆ బండికి హ్యాండ్ బ్రేకు కొన్ననాటినుంచీ సరిగా పట్టదు. అందుకని రాత్రి పడుకోబెట్టినప్పుడల్లా వెనక ఎడమ చక్రం కింద ఇటుక పెట్టేవాడు. టైరు కోసుకుపోకుండా ఆ ఇటుకకు గోనె గుడ్డ చుట్టి, పురికొసతో రెండు చోట్ల కట్టేవాడు.

మోకాళ్ళు అరిగిపోయాక తాళాలు అల్లుడికిచ్చాడు. అల్లుడు మాటకారి. ఎదుటివాడు దుకాణం మూసేస్తుంటే తలుపు సందులోంచి నాలుగట్టలు అంటగట్టి రాగలడు. బండి మాత్రం గుడ్లాయన పేరునే ఉంది. పడుకునే చోటు గడిలో కూతురి ఇల్లు రాయించాడు. రెండు వీధులవతల, కూతురు బట్టలు కుట్టే ఇల్లు. ఇటుకకు గుడ్డ చుట్టి, ఆ ఇంటి గేటు పక్కన తనే పెట్టి వచ్చాడు.

ఈ ఏడు పన్ను కట్టినప్పుడు ఆయనకో ఆలోచన వచ్చింది. ఆఫీసు కాయితాలన్నీ కూతురింటికి పోతున్నాయి, మిషను మీదనుంచి లేచి అది వాటిని తనకు తెచ్చివ్వాలి. పిచ్చి పిల్లకు ఎందుకీ తిప్పలు అని, "ఇకమీదట ఉత్తరాలు నా ఇంటికి పంపండి" అని బండి కాయితాల్లో చిరునామా మార్పించాడు. ఆయన చేసిందల్లా అంతే.

నెల తిరక్కుండానే ఒక కవరు వచ్చింది. తమ ఊరిది కాదు. వంతెన అవతలి ఊరి ఆఫీసుది. ఆయన గుమ్మంలో కూర్చుని, వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు. మీ వాహనం ఏడాదిలో నూట పన్నెండు ఉదయాలు మా ఊళ్ళో నిలిపి ఉండగా చూశాం. ముప్పై దాటితే అది మా ఊరి వాహనమే. పన్ను, దాని మీద జరిమానా కట్టండి. కాదంటే పదిహేను రోజుల్లో వచ్చి కాదని ప్రమాణం చెయ్యండి. రెండూ చెయ్యకపోతే చక్రానికి తాళం పడుతుంది, యజమాని పేరు ఆఫీసు గోడ మీద పడుతుంది.

గోడ మీద పేరు అనేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఒక్క రోజు ఆలస్యం లేదు. మళ్ళీ చదివాడు. తన బండి నంబరులో రెండు మూళ్ళు ఉన్నాయి. ఎవడో గుడ్డివాడు ఎనిమిదిని మూడనుకుని రాసుంటాడు. అంతే అయ్యుంటుంది. చదువుకున్నవాళ్ళు కూడా తప్పులు రాస్తారని ఆయనకు కాస్త నవ్వు కూడా వచ్చింది.

మర్నాడు బస్సెక్కేముందు కూతురింటి మీదుగా వెళ్ళాడు. బండి లేదు. గేటు పక్కన ఇటుక ఉంది. దాని గోనెగుడ్డ నల్లగా చివికిపోయింది. చుట్టూ గడ్డి మొలిచి, కింద చీమలు మెత్తటి మట్టి తోడి కుప్పపోశాయి. ఆయన చెప్పుతో ఆ మట్టిని పక్కకు తోసి లోపలికెళ్ళాడు.

కూతురు ఎవరిదో ప్యాంటు అడుగు మడత విప్పుతోంది. "ఇంత పొద్దున్నే ఏంటి నాన్నా?"

"ఊరికే. అల్లుడేడీ?"

"లోడుకెళ్ళాడు. ఫారం దగ్గర ముందురోజే బండి వరసలో పెట్టకపోతే ఈ మధ్య సరుకు దొరకట్లేదంట."

నిజమే అనుకున్నాడు. ఆయనా అలా వరసలో పెట్టి సీటు మీద కాళ్ళు ముడుచుకుని పడుకున్నవాడే.

కూతురు దారం కొరుకుతూ, తల ఎత్తకుండా అడిగింది. "నాన్నా, నీకేమన్నా కాయితాలొచ్చాయా?"

"ఏం కాయితాలు?"

"ఏవైనా. ఈ మధ్య నాకేం రావట్లేదు."

"నా ఇంటికే పంపమన్నాలే. ఏం రాలేదు." జేబులో కవరు పొట్టకు గుచ్చుకుంటోంది. దాన్ని కంగారు పెట్టడం ఎందుకని అబద్ధమాడాడు. కూతురి చేతిలో సూది కాసేపు ఆగి, మళ్ళీ కదిలింది.

*

అవతలి ఊరి ఆఫీసులో వరస తలుపు దాటి బయటికొచ్చింది. గుడ్లాయన వెనక ఒక టాక్సీ డ్రైవరు, నోరు ఊరుకోని మనిషి, వరసలో ఉన్నవాళ్ళందరికీ మేలుకొలుపు పాడుతున్నాడు. కిటికీ వెనక కళ్ళజోడు గుమస్తామ్మ. పక్కన చల్లారిపోయిన టీ.

గుడ్లాయన కవరు తీసి పెట్టాడు. "ఇది నాది కాదమ్మా. నంబరు తప్పు రాశారు. మా బండి మా ఊళ్ళోనే పడుకుంటుంది."

"ఏం చేస్తుంది?"

"పడుకుంటుంది."

గుమస్తామ్మ కళ్ళజోడు మీదినుంచి చూసింది. "మీరు రోజూ చూస్తున్నారా పెద్దాయనా?"

"చూసేదేముంది. నా బండే కదా."

"జోలపాట కూడా మీరే పాడుతున్నారా తాతా?" అన్నాడు వెనకనుంచి టాక్సీవాడు. వరసంతా నవ్వింది.

గుమస్తామ్మ నవ్వలేదు. రిజిస్టరు తెచ్చి పేజీలు తిప్పింది. "మా మనిషి ఒకాయన తెల్లవారుజామునే వీధులు తిరుగుతాడు. మా ఊరి పచ్చ స్టిక్కరు లేని బండి కనిపిస్తే రాసుకుంటాడు. నంబరొక్కటే అయితే పొరపాటు పడొచ్చు. ఆయన అన్నీ రాస్తాడు, అదో పిచ్చి. ఇదుగో వినండి. తెల్ల వ్యాను. తలుపు మీద గుడ్డు బొమ్మ, బొమ్మకు నవ్వే మూతి."

ఆ మూతి చిన్నప్పుడు కూతురు గీసింది. అయినా ఆయన మొండిగా అన్నాడు. "గుడ్డు బొమ్మలు చాలా బళ్ళకుంటాయి."

"టార్పాలిన్ కప్పి ఉంది. వెనక ఎడమ చక్రం కింద గోనెగుడ్డ చుట్టిన ఇటుక. పురికొస రెండు కట్లు." ఆవిడ పేజీ తిప్పింది. "ఇక్కడా ఇటుక. ఇక్కడా ఇటుకే."

గుడ్లాయన కవరు వెనక్కి తీసుకున్నాడు. మూడుని ఎనిమిది చేయొచ్చు. ఆ ఇటుకను ఇంకొకరిది చెయ్యలేడు. లోకంలో ఇటుకకు గుడ్డ కట్టే పిచ్చివాళ్ళు ఇద్దరే ఉన్నారు, ఒకడు తను, ఇంకొకడు తను నేర్పినవాడు.

"తాతా, గుడ్లప్పగించి చూస్తున్నావేంటి, అవతల మాకు బేరాలు పోతున్నాయి" అన్నాడు టాక్సీవాడు. ఆ మనిషి పేరే అదని వాడికి తెలీదు పాపం.

"పోయిన రెండేళ్ళూ గొడవ లేకుండా కట్టారు కదా పెద్దాయనా" అంది గుమస్తామ్మ. "ఇప్పుడెందుకు కాదంటున్నారు?"

"ఎవరు కట్టారు?"

"మీ తరఫునే." రెండు రసీదుల నకళ్ళు కిటికీలోంచి జరిపింది. చెల్లించినవారు, యజమాని కూతురు. కింద సంతకం. చివరి అక్షరం తోక కిందికి దిగి, వెనక్కి తిరిగి, సూదిలో దారం ఎక్కినట్టు మొదటి అక్షరంలోంచి దూరి పోయింది. పలక మీద నేర్చుకున్న నాటినుంచీ దానిది అదే రాత.

ఆయన ఆ రెండు కాయితాల్నీ చాలాసేపు చూశాడు.

గుమస్తామ్మ గొంతు తగ్గించింది. "ఇలాంటివి నెలకు రెండు మూడు చూస్తుంటాను. రెండు దారులున్నాయి. బండి ఇక్కడ ఉండట్లేదని ప్రమాణ పత్రం రాసిస్తే ఈ ఏటిది కొట్టేస్తాం. కానీ ఆ తర్వాత మావాడికి మళ్ళీ కనబడిందా, అబద్ధపు ప్రమాణం కింద బండి తీసుకుపోతారు. లేదంటే ఈ ఫారం. నిలుపు స్థలం మార్పు. ఇది రాసిస్తే మీ ఊళ్ళో కొట్టేసి ఇక్కడ రాసుకుంటాం. అప్పుడు రెండు చోట్ల కట్టే పని లేదు, జరిమానా కూడా ఉండదు. యజమాని సంతకం మాత్రం తప్పనిసరి. ఇంకా గడువుంది. ఆలోచించుకోండి."

"వీధి ఏదమ్మా?"

ఆవిడ చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, వేలితో రిజిస్టరులో చూపించింది.

ఆ వీధి దూరం కాదు. మిట్టమధ్యాహ్నం. బండి లేదు. మూడో ఇంటి ముందు, గోడవార ఇటుక ఉంది. దీని గుడ్డ కొత్తది, పురికొస కొత్తది. టైరు ఆనే వైపు ఇటుక నున్నగా అరిగి, కాస్త గుంటపడింది. దాని చుట్టూ గడ్డి పోచ లేదు. కింద చీమా లేదు. గుడ్లాయన వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

కిటికీలోంచి ఒక ఆడమనిషి కేకేసింది. "అది తియ్యకండి పెద్దాయనా! మా బండిది."

ఆయన తలెత్తాడు. పాతికేళ్ళుంటాయేమో. చేతికి సబ్బు నురుగు.

"ఏం బండమ్మా?"

"గుడ్ల బండి. మా ఆయనది. బ్రేకు నిలవదు, అది లేకపోతే వచ్చి మా గోడనే గుద్దుతుంది." ఆ పిల్ల నవ్వింది. "ఇటుక కావాలంటే వెనకాల పడున్నాయి, తీసుకుపొండి. అదొక్కటీ వదిలెయ్యండి."

మాట సూటిగా ఉంది. కల్లాకపటం ఉన్న మొహం కాదు. అది ఆయనకు ఇంకా కష్టమనిపించింది. ఇటుకను ఎక్కడ తీశాడో అక్కడే, ఏ వైపు తిరిగి ఉందో ఆ వైపే పెట్టి, నడుం పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

*

కూతురు మిషను మీదే ఉంది. గుడ్లాయన కవరు తీసి గుడ్డముక్కల మధ్య పెట్టాడు. అది చూసి కూతురు పాదం మిషను తొక్కుడుబల్ల మీంచి తీయకుండానే ఆగింది.

"రాలేదన్నావు" అంది.

"నువ్వూ చెప్పలేదుగా."

గుడ్లాయన కవరును కూతురి వైపు జరిపాడు.

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు దాటింది. మొదటి ఏడు వాళ్ళు రాసుకోలేదు. పోయినేడు, అంతకు ముందేడు నేనే కట్టాను."

"ఎందుకు కట్టావ్?"

"కట్టకపోతే నీ పేరు గోడ మీద అంటిస్తామన్నారు." ఆ మాట చాలా మామూలుగా అంది, గుండీ ఊడిందని చెప్పినట్టు. "నువ్వు మొదటి రోజున మెట్ల మీద కూర్చుని వస్తావు. నీలం స్టిక్కరు అంటించి బొటనవేలితో అదిమి, మురిసిపోతావు. నీ దగ్గరికొచ్చి అది చాలదంట నాన్నా అని ఎలా చెప్పను?"

గుడ్లాయన వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "వాడికి తెలుసా, నీకు తెలుసని?"

"తెలుసు. అడిగాను. లోడన్నాడు. రెండోసారి అడిగితే నీళ్ళు నమిలాడు. మూడోసారి నేనే అడగలేదు. వారానికి రెండు రోజులొస్తాడు. చొక్కాలు ఉతికించుకుని, ఇంటి డబ్బులు బల్ల మీద పెట్టి పోతాడు. ఆ రెండు రోజులూ బండి వీధి చివర పెడతాడు, గేటు దాకా తేడు. ఎందుకో తెలీదు."

గేటు దగ్గరి గడ్డి ఎందుకు పెరిగిందో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

"తాళాలు లాక్కుంటా వెధవ దగ్గర."

"లాక్కుని? నువ్వు నడుపుతావా, ఆ మోకాళ్ళతో? నేను నడపనా?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఆయనకే వింతగా వినబడే గొంతుతో అన్నాడు. "అయితే ప్రమాణం చేసొస్తా. బండి ఇక్కడే పడుకుంటుందని. నా ముసలి సంతకం మీద ఎవడికి అనుమానం వస్తుంది? నీ పరువు మిగులుతుంది."

కూతురు నవ్వింది. ఆ నవ్వు ఆయన ఎప్పుడూ వినలేదు. "నువ్వు ప్రమాణం చేస్తే బండి వచ్చి పడుకుంటుందా నాన్నా?"



కూతురు మిషను సొరుగు లాగింది. గుండీల డబ్బా, సుద్దముక్క, విరిగిన సూదుల సీసా పక్కకు జరిపి, అడుగునుంచి నాలుగు మడతల కాయితం తీసి విప్పింది. నిలుపు స్థలం మార్పు. గడులన్నీ నింపి ఉన్నాయి. బండి నంబరు, రంగు, పాత చోటు, కొత్త చోటు. ఆ వీధి పేరు కూడా దాని గుండ్రటి రాతతో రాసి ఉంది. కారణం అన్న గడిలో 'బండి అక్కడే ఉంటోంది' అని ఉంది. ఒక్క గడే ఖాళీ. యజమాని సంతకం.

"రెండేళ్ళ కిందట నింపాను" అంది. "నీ సంతకం కావాలన్నారు. నీ సంతకం కావాలంటే నీకు చెప్పాలి. అందుకని పన్నే కట్టాను."

రెండు రసీదుల వెల అప్పుడు తెలిసింది ఆయనకు. ఎన్ని ప్యాంట్ల మడతలో, ఎన్ని గుండీలో లెక్కవేయబోయి, మనసు రాక మానేశాడు.

"సంతకం పెడితే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు. "ఇక బండి ఆ ఊరిది. అద్దం మీద పచ్చ స్టిక్కరు. వీధిలో అందరికీ కనబడుతుంది."

"అందరికీ ఎప్పుడో కనబడింది. స్టిక్కరే ఆలస్యమైంది." సూది తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని దారం ఎక్కించింది. మొదటిసారి తప్పింది, రెండోసారి ఎక్కింది. "ఒక్కటి మాత్రం చెయ్యకు. బండి వాడి పేరున రాయకు. పేరు నీదైనంత కాలం నెలనెలా ఈ బల్ల మీద డబ్బు పెడతాడు. వాడికి నా మీద లేని భయం ఆ కాయితం మీదుంది."

గుడ్లాయన పెన్ను తీశాడు. ఆయన సంతకానికి ఎప్పుడూ సేపు పడుతుంది, ఒక్కో అక్షరం విడివిడిగా దించుతాడు. ఆవేళ ఇంకా సేపు పట్టింది. చివరి అక్షరానికి వచ్చేసరికి కూతురు కిటికీ వైపు తిరిగింది.

*

మూడు రోజుల తర్వాత ఆయన మొదటి బస్సుకు వంతెన దాటాడు. జేబులో ముందురోజు ఫారం ఇచ్చి తెచ్చుకున్న పచ్చ స్టిక్కరు, బ్లేడు. చేతిలో బరువైన గుడ్డసంచి.

ఈసారి బండి ఉంది. ఎండ అప్పుడే గోడల మీదికి ఎక్కుతోంది. టార్పాలిన్ తను నేర్పినట్టే కప్పి ఉంది, ముడులు కూడా తనవే. ఆయన ముందు వైపు పట్టా పైకి మడిచి, తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసి, సీటు మీద కూర్చుని నీలం స్టిక్కరు గీకడం మొదలుపెట్టాడు. అది మొండిగా పట్టుకుంది. అంచులు అంత బాగా అదిమింది తనే మరి.

గీకుడు చప్పుడుకు అల్లుడు బయటికొచ్చాడు. నోట్లో పళ్ళు తోముకునే బ్రష్షు, భుజం మీద తువ్వాలు. ఒక్కసారి గుటక వేశాడు, నురుగుతో సహా.

"మామయ్యా! మీరేంటిక్కడ? అదీ... లోడుకని వచ్చి, బ్యాటరీ దిగిపోతే, తెలిసినవాళ్ళ ఇల్లని..."

గుడ్లాయన బ్లేడు ఆపలేదు.

"ఎవరో ఏదో చెప్పుంటారు మామయ్యా. ఊళ్ళో పనీపాటా లేనోళ్ళు..."

"ఆఫీసువాళ్ళు చెప్పారు. ఇటుకతో సహా."

అల్లుడి మాటలు అక్కడికి అయిపోయాయి. అంత మాటకారి, మూసే తలుపు సందులోంచి గుడ్లు అమ్మేవాడు, తువ్వాలు అంచు పిసుకుతూ నిలబడ్డాడు. లోపల్నుంచి ఆడగొంతు, "ఎవరండీ?" అంది.

గుడ్లాయన పచ్చ స్టిక్కరు అంటించి, బొటనవేలితో నాలుగు అంచులూ అదిమాడు. కిందికి దిగి, తలుపు మెల్లిగా వేశాడు.

"ఇక బండి ఈ ఊరిది" అన్నాడు. "మా అమ్మాయి వీధిలో పెట్టకు. ఒక్క పూట కూడా పెట్టకు. అక్కడా రాసుకునేవాళ్ళున్నారు. రెండు పన్నులు కట్టలేం."

"మామయ్యా, అలా అంటే... బండి మాట సరే. నేను రాకూడదనా?"

"నేను బండి సంగతి చెబుతున్నా." బ్లేడు జేబులో పెట్టుకున్నాడు. "నెల డబ్బులు మొదటి తారీకున నా ఇంటి దగ్గరిచ్చి పో. బస్సులో రా."

అల్లుడు ఇంకేదో అనబోయాడు. గుడ్లాయన సంచిలోంచి చివికిన గోనెగుడ్డ ఇటుక తీసి, వాడి చేతిలో పెట్టాడు. అడుగున ఇంకా తడిమట్టి అంటుకుని ఉంది. ఒక చీమ వాడి మణికట్టు మీదికి పాకింది.

"ఇదీ నీదే. అక్కడ దీనితో పని లేదు."

జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. బస్సులో కూర్చున్నాక చూసుకున్నాడు. బ్లేడు ఎక్కడ గీసుకుందో, బొటనవేలినుంచి రక్తం కారుతోంది. కిటికీ అంచుకు రాసి, అక్కడే తుడిచేశాడు. నాలుగు మాటలు గట్టిగా అన్నానని సంతోషం కూడా రాలేదు. వాడు ఇవాళ కాకపోతే రేపు నవ్వుకుంటాడు. ఆ సబ్బు చేతుల పిల్లకు ఇంకో కథ చెబుతాడు. అది నమ్ముతుంది. తనూ మూడేళ్ళు నమ్మాడు కదా.

మరుసటి ఏడు పన్ను కౌంటరు తెరిచే రోజున గుడ్లాయన ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. కాళ్ళు అలవాటు కొద్దీ తమ ఊరి ఆఫీసు మెట్ల దాకా తీసుకుపోయాయి. కాపలా మనిషి పలకరించాడు. "ఏం తాతా, ఈ ఏడూ నువ్వే మొదటా?"

ఆయన తల అడ్డంగా ఊపి, వెనక్కి తిరిగి, బస్సు స్టాపుకు నడిచాడు. మోకాళ్ళు పట్టేస్తుంటే మధ్యలో రెండుసార్లు ఆగాడు. వంతెన దాటి చేరేసరికి అవతలి ఆఫీసు తలుపు ఇంకా తీయలేదు. మెట్ల మీద ఎవరూ లేరు. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి పెట్టుకుని పై మెట్టు మీద కూర్చున్నాడు.

గుమస్తామ్మ తాళాలు తీస్తూ గుర్తుపట్టింది. "పోయినేడు కానే కాదని కొట్లాడారు. ఇప్పుడు అందరికన్నా ముందొచ్చారే పెద్దాయనా!"

"పడుకునే చోట కట్టాలి కదమ్మా" అన్నాడు గుడ్లాయన, కాయితాలు తీస్తూ.